పైరగాలి గడప ఎందుకు దాటదు?

ఒకప్పుడు పైరగాలి ఒడ్డు మొహమే చూసి ఎరగదు.

ఆమె ఇల్లు సముద్రం. తండ్రి సముద్రుడు, అన్న తుఫాను. నీళ్ళ మీదే ఆమెకి తెల్లారేది, నీళ్ళ మీదే పొద్దు గుంకేది.

ఆ రోజుల్లో ఒడ్డున గాలి అన్నదే లేదు. ఆకు కదిలేది కాదు. ఆరేసిన వల ఆరేసినట్టే వేలాడేది. పొయ్యి మీంచి లేచిన పొగ కర్ర పాతినట్టు నిలువుగా పైకి పోయేది. గవ్వలపేట జాలర్లు ఇళ్ళల్లోనే కూర్చుని తాటాకు విసనకర్రలతో విసురుకునేవారు. బయటికొచ్చి చేసేదేముంది? లోపల ఎంత ఉక్కో బయటా అంతే ఉక్క. లోపలైతే కనీసం నీడ ఉంటుంది.

పైరగాలికి ఒక పని ఉండేది. గవ్వలపేట పడవలకు తెరచాపలు నింపడం. తెల్లవారేసరికి జాలర్లు తెడ్లు వేసుకుంటూ కెరటాలు దాటి వచ్చేవారు. అక్కణ్ణుంచి ఆమె వాళ్ళని చేపలున్న చోటికి తోసుకుపోయేది. సాయంత్రం మళ్ళీ తెచ్చి ఒడ్డుకు కాస్త ఇవతల వదిలిపెట్టేది. ఆ మిగిలిన దూరం వాళ్ళే తెడ్లు వేసుకునేవారు. మంచి పనే, కానీ రోజూ అదే పని. ఆమెకు విసుగెత్తిపోయింది.

ఒక సాయంత్రం పడవలను వదిలి వెనక్కి మళ్ళబోతూ ఆమె ఒడ్డు కేసి చూసింది. ఒక పిల్ల చేతిలో పుల్ల పట్టుకుని ఇసకలో పరుగెడుతోంది. పుల్ల చివర ఏదో గిర్రున తిరుగుతోంది. పిల్ల ఆగగానే అదీ ఆగింది. పిల్ల నడుం మీద చేతులు పెట్టుకుని కాసేపు రొప్పింది. మళ్ళీ పరుగు అందుకుంది.

ఒడ్డుకీ నీళ్ళకీ మధ్య తిరిగే ఎర్రపీత ఒకటుండేది. ఊళ్ళో ఎవరింట్లో ఏం వండుకున్నారో కూడా దానికి కావాలి. పైరగాలి దాన్ని పిలిచింది.

"పీతా, ఆ పిల్లని ఎవరు తరుముతున్నారు?"

"ఎవరూ తరమడం లేదు," అంది ఎర్రపీత. "ఆమె పేరు నూకరత్నం. చేతిలో ఉన్నది తాటాకు గిరక. రెండు ఆకుముక్కలు మడిచి మధ్యలో తుమ్మముల్లు గుచ్చుకుంది. అది తిరగాలంటే గాలి కావాలి. ఒడ్డున గాలి లేదు కదా, అందుకని పరిగెత్తి కాస్త గాలి పుట్టించుకుంటోంది."

పైరగాలి మళ్ళీ ఆ పిల్ల కేసి చూసింది. ఇక్కడ తన గాలిని ఏం చేసుకోవాలో తనకే తెలీదు. అక్కడ ఒక చిన్నపిల్ల చారెడు గాలి కోసం కాళ్ళు నొప్పెట్టేలా పరుగెడుతోంది. ఆమెకు జాలేసింది. జాలికన్నా ఎక్కువగా, వెళ్ళి చూడాలనిపించింది.

వెంటనే తండ్రి దగ్గరికి వెళ్ళింది.

"నాన్నా, ఒక్కసారి ఒడ్డుకి వెళ్ళొస్తాను."

సముద్రుడు కోపంగా నురగలు కక్కాడు. "మీ అన్న కూడా ఒక్కసారి అనే వెళ్ళాడు. ఎక్కడో దూరపు ఊళ్ళో కొబ్బరిచెట్లు వేళ్ళతో సహా పీకి వచ్చాడు. ఇప్పటికీ మన పేరు చెబితే ఆ ఊరు హడలిపోతుంది. మన ఇంటి గాలి ఒడ్డుకి పనికిరాదు."

"నేను అన్నలాంటిదాన్ని కాదు నాన్నా."

"వాడూ ఇదే మాట అన్నాడు. పో, పోయి నీ తెరచాపలు చూసుకో."

పైరగాలి మూతి ముడుచుకుంది. కానీ నూకరత్నం ఆమె కళ్ళల్లోంచి పోలేదు.

సముద్రుడికి ఒక అలవాటుంది. పాటు వేళ నీళ్ళు వెనక్కి తీయగానే ఆయన ఒక కునుకు తీస్తాడు. మళ్ళీ పోటు వచ్చేదాకా లేవడు.

ఒకరోజు మధ్యాహ్నం అలాగే కునుకు తీశాడు. ఆ రోజు పడవలు చాలా లోపలికి వెళ్ళి వలలు దించాయి. నూకరత్నం అయ్య ఎల్లాజీ పడవ అన్నిటికంటే లోపల ఉంది. పైరగాలి అటూ ఇటూ చూసింది. "వీళ్ళు వలలు తీసేసరికి పొద్దు వాలుతుంది. ఈలోపు వెళ్ళి వచ్చేస్తే సరి," అనుకుంది.

ఈ 'ఈలోపు' అనే మాట ఎంతమందిని ముంచిందో మీకు తెలియనిదా! హోంవర్కు పక్కన పెట్టి ఆటకెళ్ళిన ప్రతివాళ్ళూ ఆ మాటే అనుకుంటారు.

పైరగాలి ఒడ్డు మీద అడుగుపెట్టింది. కాలి కింద ఇసక కదిలింది. వెనక్కి తిరిగి చూస్తే తన అడుగులే ఇసకలో చిన్న చిన్న అలల్లా పడి ఉన్నాయి. ఆమెకు నవ్వొచ్చింది.

తాడిచెట్లను ముట్టుకుంది. అవి ఒళ్ళంతా గలగలమన్నాయి. పుట్టి ఇన్నేళ్ళయినా తమకి ఒక గొంతుందని వాటికే తెలీదు. "ఏయ్, మాట్లాడింది నువ్వా?" అని ఒకదాన్నొకటి అడుక్కున్నాయి.

ఆరేసిన వలలకి పొట్టలొచ్చాయి. పొయ్యి పొగ వంగి పొరుగింట్లోకి పోయింది. ఒక కోడిపెట్ట ఈకలన్నీ వెనక్కి లేచి నిలబడ్డాయి. "ఆడకూతురితో ఇదేం మర్యాద!" అని అది రుసరుసలాడుతూ గంప కిందికి దూరింది. ఎండబెట్టిన చేపల దగ్గరికి వచ్చేసరికి మాత్రం పైరగాలి ముక్కు మూసుకుని పక్కనుంచి పోయింది.

నూకరత్నం వాళ్ళ వాకిట్లో కూర్చుని ఉంది. పరిగెత్తి పరిగెత్తి అలిసిపోయి గిరకని ఒళ్ళో పెట్టుకుంది. పైరగాలి మెల్లిగా దాన్ని తాకింది.

గిరక తిరిగింది.

నూకరత్నం గిరక కేసి చూసింది. తన కాళ్ళ కేసి చూసుకుంది. కాళ్ళు కదలడం లేదు.

"మామ్మా! నాను పరిగెట్టకండానే గిరక తిరుగుతంది!"

లోపల్నుంచి ఆమె నాయనమ్మ బండెమ్మ కేకేసింది. "ఎండ మాడుకి కొట్టినట్టుంది నీకు. కూకున్నోళ్ళకి గిరక ఎలాగ తిరుగుతాదే గుంటా?"

అంటూనే విసనకర్ర విసురుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. చల్లగా మొహానికి ఏదో తగిలింది. బండెమ్మ కళ్ళు మూసుకుంది. చేతిలో విసనకర్ర ఆగిపోయింది. బుద్ధెరిగినప్పట్నుంచీ ఆ చేతికి అంత విశ్రాంతి దొరకలేదు.

"ఏటిది? ఇంత సల్లగా ఉంది! ఒసేవ్ నూకీ, నా నులకమంచం ఇలాగ వాకిట్లోకి లాగే!"

ఆ మంచాన్ని చూసి పక్కింటివాళ్ళు తమ మంచం తెచ్చారు. వాళ్ళని చూసి ఎదురింటివాళ్ళు చాప తెచ్చారు. గవ్వలపేట మొత్తం వాకిళ్ళలోకి వచ్చేసింది. వెల్లకిలా పడుకున్న ఒక ముసలాయన కొంగల బారు ఇళ్ళ మీంచి పోవడం చూశాడు. పిల్లలు ఇసకలో గుజ్జనగూళ్ళు మొదలెట్టారు. పడమటి దిక్కు ఎర్రబడితే అందరూ పని మానుకుని దాన్నే చూశారు. తమ నెత్తి మీదే ఇంత ఆకాశం ఉందన్న సంగతి అప్పటిదాకా వాళ్ళు పట్టించుకోలేదు. చాలా సంతోషించారు.

అందరికన్నా ఎక్కువ సంతోషించింది పైరగాలి. నూకరత్నం జుట్టు చెదరగొట్టింది. బండెమ్మ కొంగు లాగింది. ఎల్లాజీ, వలలు, తెరచాపలు అన్నీ మరిచిపోయింది.

పొద్దు గుంకింది. ఆడవాళ్ళు లోపలికి వెళ్ళి దీపాలు వెలిగించి మళ్ళీ వచ్చి కూర్చున్నారు.

ఈ దీపాల సంగతి చెప్పాలి. గవ్వలపేటలో ప్రతి ఇంట్లోనూ సముద్రానికి ఎదురుగా గోడలో ఒక గూడు ఉండేది. మగవాళ్ళు నీళ్ళ మీద ఉన్నంతసేపూ ఆ గూట్లో దీపం వెలగాల్సిందే. పడవ ఒడ్డెక్కాకే దాన్ని కొండెక్కించాలి. ఒడ్డు ముందు నీళ్ళల్లో నల్లరాళ్ళున్నాయి. పడవలవాళ్ళు ఆ దీపాల వరస చూసుకునే రాళ్ళను తప్పించుకుని వచ్చేవారు. దీపం వెలుగు బయటికి కనబడాలని ఇళ్ళకి అటువైపు గుమ్మాలకు తలుపులు కూడా పెట్టలేదు. గాలే లేని ఊరికి తలుపు ఎందుకు?

పైరగాలికి ఇవేమీ తెలీవు. "ఇన్నాళ్ళూ వీళ్ళు ఇళ్ళు వదిలి రాలేదంటే లోపల ఏదో గొప్పది ఉండి ఉంటుంది," అనుకుని బండెమ్మ ఇంటి గడప దాటింది.

లోపల గూట్లో దీపం వెలుగుతోంది. అంత అందమైనదాన్ని ఆమె ఎప్పుడూ చూడలేదు. బంగారు రంగులో, వేలెడంత ఉంది. ఆమెను చూడగానే అది తల ఊపింది. ఒళ్ళంతా ఊగింది. "నన్ను చూసి ఎంత సంబరపడుతోందో!" అనుకుని పైరగాలి ముద్దుపెట్టుకోవడానికి దగ్గరికి వంగింది.

దీపం లేదు.

"ఓహో, దాక్కుందన్నమాట," అనుకుని ఆమె పక్కింట్లోకి వెళ్ళింది. అక్కడి దీపమూ దాక్కుంది. ఆ పక్కింట్లోదీ దాక్కుంది. ఆట బాగానే ఉందనుకుంటూ వరసలో చివరి ఇంటిదాకా వెళ్ళింది.

చివరి ఇంట్లోంచి బయటికొచ్చేసరికి ఊరంతా గగ్గోలుగా ఉంది. ఆడవాళ్ళు గుండెలు బాదుకుంటున్నారు. "అయ్య రానేదు! దీపం ఆరిపోనాది!" అని నూకరత్నం ఏడుస్తోంది. గవ్వలపేట పుట్టిన తరవాత పడవ రాకముందే దీపం ఆరడం అదే మొదలు.

బండెమ్మ ఏడవలేదు. వాకిట్లో నిలబడి చెయ్యి గాల్లోకి చాపింది.

"ఎవురే నువ్వు? ఇందాకట్నుంచీ నా మొహం నిమురుతున్నావు. దీపాల్ని ఆర్పింది నువ్వే కదూ?"

"నేను పైరగాలిని మామ్మా. ఆర్పలేదు, ముద్దుపెట్టుకున్నానంతే. అవే దాక్కున్నాయి."

"పైరగాలివా?" బండెమ్మ మొహం పాలిపోయింది. "మా తెరసాపలు పట్టీ పైరగాలివా? నువ్విక్కడుంటే, అక్కడ మా పడవల్ని ఎవురు సూత్తన్నారే?"

అప్పుడు గుర్తొచ్చాయి పైరగాలికి పడవలు. తను లేకపోతే సముద్రం మీద గాలి లేదు. తెరచాపలు వేలాడిపోయి ఉంటాయి. అంత లోపలి నుంచి తెడ్లు వేసుకుని రావడం మనుషుల వల్ల అయ్యే పని కాదు. ఒకవేళ వచ్చినా, ఈ చీకట్లో రాళ్ళెక్కడున్నాయో వాళ్ళకి తెలీదు. ఎల్లాజీతో సహా ఆ పడవల్లో ఉన్న ఒక్కరూ ఇల్లు చేరరు.

"ఇప్పుడే పోతాను!" అంటూ సముద్రం వైపు దూకబోయింది.

"ఆగే!" బండెమ్మ గట్టిగా అరిచింది. "ఇటునుంచి అటు అలాగ దూకితే పడవల్ని ఇంకా లోపలికి తోసెయ్యవూ? ఊపిరి బిగబట్టి ఎల్లు. తెరసాపకి తగలకండా, పడవలు దాటి ఎనక్కెల్లు. అక్కణ్ణుంచి తోసుకురా."

"తోసుకొస్తే మళ్ళీ మీ దీపాలు ఆరిపోతాయి కదా మామ్మా?"

బండెమ్మ ఒడ్డు కేసి చూసింది. "నీకు ఆరిపోనిది మేం ఎలిగిత్తాం. బేగి ఎల్లు!"

పైరగాలి ఊపిరి బిగబట్టింది. వెంటనే తాడిచెట్లు నోరు మూసుకున్నాయి. గిరక ఆగిపోయింది. ఊరంతా మళ్ళీ ఉక్కపోతలో మునిగింది. ఆమె నీళ్ళను రాసుకుంటూ, ఒక్క అల కూడా లేవకుండా తెరచాపల కిందుగా జారిపోయింది. ఊపిరి అంతసేపు బిగబట్టడం గాలికి చిన్న కష్టం కాదు. కళ్ళు తిరిగాయి. అయినా వదల్లేదు.

ఇక్కడ బండెమ్మ ఊళ్ళోవాళ్ళ మీద కేకలేసింది. "ఏడుపులు రేపు ఏడుద్దురు గానీ, నిప్పు తెండి! ఎండు తాటాకు ఏటున్నా తెండి!"

ఒడ్డున, రాళ్ళ మధ్య దారికి సరిగ్గా ఎదురుగా, మంట వేశారు. వలలు ఆరేసే గుంజలు పీకి అందులో పడేశారు. తాటాకు గుప్పున మండింది, అంతే తొందరగా బూడిదైంది. గుంజలు మాత్రం అంటుకోలేదు, ఊరికే పొగ తాగుతూ కూర్చున్నాయి. చాపలు వేశారు. విసనకర్రలు వేశారు. అవీ అయిపోయాయి. నూకరత్నం తన గిరకని ఒకసారి చూసుకుంది, కళ్ళు తుడుచుకుని అదీ మంటలో వేసింది.

బండెమ్మ తన ఇంటి దగ్గరికి నడిచింది. కప్పు మీది తాటాకు పట్టుకుని లాగింది.

"మామ్మా, మనిల్లు!"

"మనుషులొత్తే ఇల్లు మళ్ళీ కప్పుకుంటాం. పట్టు!"

ఆమెను చూసి అందరూ తమ తమ కప్పులు పీకారు. అదీ మండింది. అదీ తగ్గిపోయింది. ఇక వెయ్యడానికి ఏమీ లేదు. మంట నిప్పులైంది. నిప్పుల మీద బూడిద పేరుకుంటోంది.

అప్పుడు బండెమ్మ మొహానికి చల్లగా ఏదో తగిలింది.

నిప్పుల మీది బూడిద ఎగిరిపోయింది. నిప్పులు ఎర్రబడ్డాయి. ఇంతసేపూ పొగ తాగిన గుంజలు ఒక్కసారిగా అంటుకుని మనిషెత్తున మండాయి. ఇంట్లో దీపాన్ని ఆర్పేసిన గాలే బయట మంటను పెంచింది. ఆ వెలుగులో నల్లరాళ్ళు కనిపించాయి. రాళ్ళ మధ్య తెరచాపలు కనిపించాయి. పొట్టలు నింపుకుని ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి.

అన్నిటికన్నా చివర ఎల్లాజీ పడవ వచ్చింది. నూకరత్నం మోకాలి లోతు నీళ్ళల్లోకి పరిగెత్తి అయ్య నడుం పట్టుకుంది.

"ఇళ్ళకి కప్పులేవీ?" అన్నాడు ఎల్లాజీ తెల్లబోయి.

"నిన్ను తేడానికి కాలిపోనాయి," అంది బండెమ్మ. అని, ఇంతసేపూ ఆపుకున్న ఏడుపంతా అప్పుడు ఏడ్చింది.

ఈ సందడికి సముద్రుడికి మెలకువ వచ్చింది. పోటు మొదలైంది. జరిగిందంతా ఎర్రపీత పూసగుచ్చినట్టు చెప్పేసింది. దానికి అదొక సంతోషం.

"నేను చెప్పానా!" అని సముద్రుడు గర్జించాడు. "మన ఇంటి గాలి ఒడ్డుకి పనికిరాదని చెప్పానా! అమ్మాయ్, ఇక నువ్వు ఒడ్డు మాట ఎత్తావంటే ఊరుకోను."

పైరగాలి తలొంచుకుంది.

బండెమ్మ చీర ఎగదోపుకుని నీళ్ళల్లోకి దిగింది.

"అయ్యా, ఒక్కమాట. మీ గుంట దీపాలు ఆర్పింది, నిజమే. తెలీక సేసింది. తెలిసినాక పరిగెట్టి ఎల్లి మా వోళ్ళని తెచ్చింది. అదీ నిజమే కదా? మా గుంటలైతే ఏటి సేత్తాం? సెవి మెలేసి, మర్నాడు మళ్ళీ ఆటకి ఒగ్గేత్తాం."

"మళ్ళీ దీపం కనబడితే ముట్టుకోదని ఏమిటి నమ్మకం?" అన్నాడు సముద్రుడు.

బండెమ్మ గాలి వైపు తిరిగింది. "ఏమే? ముట్టుకోకండా ఉండగలవా?"

పైరగాలి తల అడ్డంగా ఊపింది. "ఉండలేను మామ్మా," అంది. "అబద్ధం ఎందుకు? అది ఎంత బాగుందో! లోపలికొస్తే ముట్టుకుంటాను. పడవల్ని తెచ్చి అప్పజెప్పాకే వస్తాను, మీరు వేటకెళ్ళే వేళకి తిరిగి వెళ్ళిపోతాను, ఆ రెండూ చెయ్యగలను. దీపం దగ్గర మాత్రం నన్ను నమ్మకండి. ఇకమీదట నేను ఎవరి గడపా దాటను."

"గడప దాటని చుట్టం మీకెందుకు?" అన్నాడు సముద్రుడు బండెమ్మతో. "ఇళ్ళల్లో ఉక్కపోత ఉక్కపోతగానే ఉంటుంది కదా!"

బండెమ్మ వెనక్కి తిరిగి చూసింది. కప్పుల్లేని ఇళ్ళ ముందు మంచాలు ఇంకా వాకిళ్ళలోనే ఉన్నాయి. మగవాళ్ళు తడిబట్టలతో వాటి మీద కూలబడి పెళ్ళాం పిల్లలతో మాట్లాడుతున్నారు.

"దాన్ని లోపలికి రావొద్దనండి," అంది బండెమ్మ. "మేవే బయటికొత్తాం."

సముద్రుడు బండెమ్మ కాళ్ళ మీదికి మెల్లిగా ఒక చిన్న అల తోశాడు. ఆయన కాదనలేదంటే సరేనన్నట్టే.

అప్పటినుంచే పైరగాలి సాయంత్రం పడవల వెనకాలే ఒడ్డుకి వస్తుంది. వచ్చేముందు ఊపిరి బిగబట్టి పడవల వెనక్కి వెళుతుంది, అందుకే ఆ కాసేపు ఆకు కూడా కదలదు. తెల్లవారకముందే వెళ్ళిపోతుంది, వెళుతూ వెళుతూ వేటకెళ్ళే పడవలను లోపలికి తోసుకుపోతుంది.

లోపల కూర్చుని "గాలే లేదు, చచ్చిపోతున్నాం" అని ఎంత గోలపెట్టినా ఆమె రాదు. మహా అయితే కిటికీలోంచి ఒకసారి తొంగిచూస్తుంది. ఆమె వాకిట్లోనే ఉంటుంది, మనం మంచం బయటికి లాగే చప్పుడు కోసం వింటూ.